పెద్ద పెట్రోల్ పికప్‌కి టర్బోనా, సూపర్‌చార్జరా?

డెన్వర్‌లో ఉండే మా బావమరిది దగ్గర ఫోర్డ్ ఎఫ్-250 ఉంది. 7.3 లీటర్ల పెట్రోల్ వీ8, 430 హార్స్‌పవర్. వెనక 10,000 పౌండ్ల ట్రెయిలర్, అంటే దాదాపు నాలుగున్నర టన్నులు, తగిలించుకుని కొండలెక్కడం వాడి సరదా. మొన్న ఫోన్ చేసి, "బావా, దీనికి టర్బో పెట్టిస్తే మేలా, సూపర్‌చార్జరా?" అన్నాడు. నాకు ఇక్కడ డాలస్‌లో కొండంటే ఫ్లైఓవరే. అయినా ఇంజిన్ల సంగతి అడిగితే ఊరుకోలేను.

రెండూ చేసే పని ఒకటే, సిలిండర్లోకి గాలి దట్టించి పంపడం. కొలిమికి తిత్తి ఎలాగో ఇంజిన్‌కి ఇవి అలాగ. తిత్తి ఎవరు ఊదుతారన్న దగ్గరే తేడా. సూపర్‌చార్జర్‌ని ఇంజినే బెల్టుతో తిప్పాలి. డాడ్జ్ హెల్‌క్యాట్ ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు దాని సూపర్‌చార్జర్‌ని తిప్పడానికే దాదాపు 80 హార్స్‌పవర్ పోతుంది. ఒక చిన్న కారు ఇంజిన్ మొత్తం అందులోనే ఖర్చయినట్టు. టర్బోని బయటికి పోయే వేడి పొగ తిప్పుతుంది. అదీ పూర్తిగా ఉచితం కాదు, పొగ దారికి కొంత అడ్డం తగులుతుంది. కానీ ఎలాగూ వృథాగా పోయే శక్తే కదా.

వాడుండేది కొలరాడో కాబట్టి ఎత్తు లెక్క ముందు చూడాలి. డెన్వరే 5,280 అడుగుల మీద ఉంది. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ చేరేసరికి 11,000 అడుగులు దాటుతుంది. అక్కడ గాలి ఎంత పలచనంటే, మామూలు ఇంజిన్ సుమారు 30 శాతం బలం పోగొట్టుకుంటుంది. మా వాడి 430 కాస్తా 300 అయి కూర్చుంటుంది. ఎండగా ఉన్న రోజు ఇంకా తగ్గుతుంది.

సూపర్‌చార్జర్ బెల్టుకి కట్టేసిన ఎద్దు. లోపలికి వచ్చిన గాలిని ఇన్ని రెట్లు నొక్కాలంటే అన్ని రెట్లే నొక్కుతుంది, ఎత్తు సంగతి దానికి పట్టదు. సముద్ర మట్టం దగ్గర 7 పీఎస్ఐ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి మీద దాదాపు ఇంకో సగం) ఇచ్చే సూపర్‌చార్జర్ కిట్ ఆ టన్నెల్ దగ్గర చేసేదల్లా పోయిన గాలిని దాదాపుగా తిరిగి తెచ్చిపెట్టడమే. టర్బో అలా కాదు, పైన గాలి తగ్గితే తను ఇంకా వేగంగా తిరిగి లోటు పూడ్చుకుంటుంది. దానికీ ఒక హద్దుందనుకోండి. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ ఈ కొలరాడోలోనే, పైక్స్ పీక్ శిఖరం మీద, 14,000 అడుగుల ఎత్తున లిబర్టీ విమానం ఇంజిన్‌కి టర్బో పెట్టి పరీక్షించాడు. టర్బో లేకుండా 230 హార్స్‌పవర్ ఇచ్చింది, పెట్టాక 356.

అంటే టర్బోనే గెలిచిందా? కాగితం మీద అంతే. బిగించే దగ్గరికొస్తే కథ మారుతుంది. సూపర్‌చార్జర్ కిట్ ఇంజిన్ మీద, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ ఉండే చోట కూర్చుంటుంది. లేదా ముందు వైపు బెల్టుకి వేలాడుతుంది. టర్బోకి సైలెన్సర్ వైపు పైపులన్నీ విప్పి కొత్తవి చేయించాలి, ఆయిల్ లైన్లు లాగాలి. ఎర్రగా కాలే ఇనుము పక్కన వైర్లు కరిగిపోకుండా కాపలా కాయాలి. పెట్రోల్ ట్రక్కులకి బయట దొరికే కిట్లు ఎక్కువగా విపిల్, ప్రోచార్జర్ లాంటి కంపెనీల సూపర్‌చార్జర్లే కావడానికి పెద్ద కారణం ఇదే.

టర్బో కావాలంటే కంపెనీలో పుట్టినదే కావాలి. 2011లో ఫోర్డ్ చిన్న పికప్ ఎఫ్-150లో వచ్చిన 3.5 లీటర్ల ఎకోబూస్ట్ వీ6ని కంపెనీలోనే రెండు టర్బోలకి తట్టుకునేలా తయారుచేశారు. ఫోర్జ్ చేసిన స్టీల్ క్రాంక్, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, సిలిండర్లోనే పెట్రోల్ చిమ్మి చల్లబరిచే ఇంజెక్షన్. 2022లో టొయోటా టండ్రా పికప్ కూడా 5.7 వీ8ని వదిలేసి రెండు టర్బోల వీ6కి మారింది. సూపర్‌చార్జర్ మాత్రం సరదా బండ్లకి పోయింది: 702 హార్స్‌పవర్‌తో వచ్చిన రామ్ టీఆర్ఎక్స్, 700తో వచ్చిన ఫోర్డ్ రాప్టర్ ఆర్. ఆ టీఆర్ఎక్స్ లాగగలిగింది 8,100 పౌండ్లు, ఎకోబూస్ట్ ఎఫ్-150 లాగేది 13,000 పైనే. ఈ తేడాకి టీఆర్ఎక్స్‌కి ఎడారిలో ఎగరడానికి పెట్టిన మెత్తటి సస్పెన్షన్ కూడా కారణమే, తప్పంతా సూపర్‌చార్జర్‌ది కాదు.

అసలు గమనించాల్సింది ఇంకోటి. ఫోర్డ్ 7.3, జీఎం 6.6, రామ్ 6.4: ఈ మూడు కంపెనీలు పెద్ద బరువులు లాగే హెవీ డ్యూటీ పికప్‌లకి పెట్టే ఈ పెట్రోల్ ఇంజిన్లలో ఒక్కదానికీ టర్బో లేదు, సూపర్‌చార్జరూ లేదు. ఇరవై నిమిషాల పాటు ఆగకుండా ఎక్కే ఘాట్‌లో బూస్ట్ అంటే వేడి. వేడికి నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ వేళకాని వేళ పేలడం, మొదలవుతుంది. నాకింగ్ ఆపాలంటే పెట్రోల్ ఎక్కువ పోయాలి, స్పార్క్ పడే టైమింగ్ వెనక్కి జరపాలి, రెండింటితోనూ నష్టమే. 7.3 ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్నది) అసలే 10.5. దాని మీద బయటి కిట్ పెట్టి పది సెకన్లు పరుగెత్తించడం వేరు, ట్రెయిలర్‌తో కొండెక్కించడం వేరు. పైగా వారంటీ గొడవ. కాలిఫోర్నియాలో అయితే ఆ రాష్ట్రం అనుమతి నంబరు లేని కిట్‌తో స్మాగ్ పరీక్ష దాటడం కష్టం.

అందుకే మా వాడికి రెండూ వద్దన్నాను. ఖాళీ బండితో సరదాగా తొక్కేవాడైతే సూపర్‌చార్జర్‌కి సరే అనేవాణ్ణి.

"బలం చాలదని కాదు బావా," అన్నాడు చివరికి. "ఘాట్ ఎక్కేటప్పుడు 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర అది అరుస్తుంటే మీ చెల్లెలు టెన్షన్ పడుతోంది."

ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఆ ఇంజిన్ బలమంతా పైనే ఉంది, 475 పౌండ్-ఫీట్ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుంది. ఎకోబూస్ట్ 500ని 3,100 దగ్గరే ఇస్తుంది, అందుకే అది గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. అరవకుండా ఎక్కాలంటే టర్బోతో పుట్టిన డీజిల్ ఎఫ్-250 ఉంది, 1,050 పౌండ్-ఫీట్, దానికి మారిపో అన్నాను. దాని ధర చూసుకుని, మీ చెల్లెలికి ఇయర్‌ప్లగ్స్ కొంటానని ఫోన్ పెట్టేశాడు.