కుడికాలు మోపించిన పీట: వీ ఫిట్ బ్యాలెన్స్ బోర్డుతో ఎనిమిది నెలలు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, కండరాల పట్టు కుంటుపడే స్థితి) వల్ల వాడి కుడిచెయ్యి, కుడికాలు పుట్టినప్పటి నుంచీ బలహీనంగా ఉన్నాయి. నిలబడితే ఒంటి బరువంతా ఎడమకాలి మీదికే తెచ్చుకుంటాడు. "కుడికాలు మోపు నాన్నా" అని ఫిజియోథెరపిస్టు, నేను, వాళ్ల నాయనమ్మ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాం. అమెరికాలో ఉండే మా తమ్ముడు తన పిల్లలు ఆడి వదిలేసిన నింటెండో వీ అనే వీడియోగేమ్ యంత్రాన్ని, వీ ఫిట్ అనే వ్యాయామ ఆటల డిస్కునూ, ఆ ఆటలు ఆడేందుకు ఎక్కి నిలబడే బ్యాలెన్స్ బోర్డునూ కిందటి సెలవుల్లో తెచ్చి ఇచ్చాడు.

జపాన్‌లో 2007లో, ఇతర దేశాల్లో 2008లో విడుదలైన ఈ బోర్డు చూడటానికి పొట్టి పీటలా ఉంటుంది. దాని నాలుగు మూలల్లోని సెన్సర్లు బరువు ఎటువైపు ఎంత పడుతోందో కొలుస్తాయి. ఆ బరువు కేంద్రం టీవీ తెర మీద చుక్కగా కనిపిస్తుంది. మొదటిరోజు ఆ చుక్క ఎడమవైపే ఉండిపోయింది. వాడు దాన్ని కాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే కుడికి ఒరిగాడు, చుక్క కదిలింది. మేము నోటితో చెప్పలేకపోయినదాన్ని వాడు కంటితో చూసి తెలుసుకున్నాడు. నా దృష్టిలో ఈ వస్తువు విలువంతా అక్కడే ఉంది.

ఆటల్లో మాకు బాగా పనికివచ్చింది టేబుల్ టిల్ట్. ఒంటిని అటూ ఇటూ వంచి, తెర మీది పలకను వాల్చి, గోళీలను రంధ్రాల్లో పడేయాలి. రంధ్రం కుడివైపు ఉన్నప్పుడు కుడికాలు మోపక తప్పదు. బోర్డు మీద బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చుంటే కొవ్వొత్తి ఆరకుండా నిలిచే లోటస్ ఫోకస్ కూడా వాడికి ఇష్టమే. బంతుల మధ్య బూట్లు కూడా దూసుకొచ్చే సాకర్ హెడింగ్ మాత్రం వాడి వేగానికి అందలేదు, రెండుసార్లు ఏడ్చాడు, దాన్ని మానిపించాం.

ఈ ఆటను మా వాడిలాంటి పిల్లలను దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదన్నది తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. వీ ఫిట్‌లోని శరీర పరీక్ష ఎత్తు, బరువులను బట్టి పిల్లవాడిని లావనో సన్ననో తేల్చేస్తుంది, సమతూకాన్ని బట్టి "వీ ఫిట్ వయసు" అంటూ పెద్ద అంకె చూపుతుంది. ఎదిగే పిల్లలకు, అందులోనూ ఒంటి లోపం ఉన్నవారికి, ఆ మాట మనసుకు తగులుతుంది. మేము ఆ భాగాన్ని వదిలేసి నేరుగా ఆటల్లోకి వెళతాం. మూర్ఛ ఉన్న పిల్లలకైతే, తెర మీది మెరుపుల వల్ల ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది కనుక డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. పీట ఎత్తు కొద్దిదే అయినా వెనక్కి దిగేటప్పుడు కాలు తడబడుతుంది; అందుకే గోడ పక్కన వేసి, నేను వెనక నిలబడతాను.

ఇది ఫిజియోథెరపీకి బదులు కాదు. సాగదీసే వ్యాయామాలు ఎప్పటిలాగే సాగుతున్నాయి, ఆట వాటి తరువాత పదిహేను నిమిషాలే.

యంత్రం తయారీ ఆగి చాలా ఏళ్లయింది కనుక పాతదే కొనాలి. అమెరికా నుంచి తెప్పిస్తే దాని అడాప్టరు మన 230 వోల్టులకు పనికిరాదు, వోల్టేజి తగ్గించే కన్వర్టరో, 230 వోల్టులకు సరిపడే వేరే అడాప్టరో కావాలి. యంత్రం ఏ ప్రాంతంలో అమ్మిందో డిస్కులు కూడా ఆ ప్రాంతానివే అయి ఉండాలి.