ఈ-ఎస్‌సీఆర్: శ్రీకాకుళం కోర్టులో కొన్నేళ్లు వాడాక

సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ (ఎస్‌సీఆర్ అంటే సుప్రీంకోర్ట్ రిపోర్ట్స్) పేరుతో ఉచితంగా నెట్‌లో పెట్టింది. శ్రీకాకుళంలో సివిల్ దావాలు చూసే నేను అప్పటి నుంచీ వాడుతున్నాను. 1950 నుంచి వచ్చిన రిపోర్టులన్నీ అందులో ఉన్నాయి. సుప్రీంకోర్టు రూలింగుల కోసమే అయితే ఇక డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన జూనియర్లకు ఇది చాలా పెద్ద ఊరట.

సైటేషన్ల టెన్షన్, అంటే తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తుల బాధ, కూడా తగ్గింది. కేశవానంద భారతి తీర్పునే చూడండి. ఏఐఆర్, ఎస్‌సీసీ రెండూ ప్రైవేటు ప్రచురణలు; ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అన్నా, (1973) 4 ఎస్‌సీసీ 225 అన్నా అదే తీర్పు. మనం ఒక ప్రచురణ, అవతలి వకీలు ఇంకొకటి పట్టుకొస్తే పేజీలు కలవవు, కోర్టు సమయం వెతుకులాటకే పోతుంది. 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులకు ఐఎన్‌ఎస్‌సీ అని, మన హైకోర్టు తీర్పులకు ఏపీహెచ్‌సీ అని న్యూట్రల్ సైటేషన్లు (ఏ ప్రచురణకూ చెందని నంబర్లు) వస్తున్నాయి. ఎవరు అచ్చు వేసినా నంబరు ఒకటే.

ఇబ్బంది పేరాల దగ్గర. పాత ఎస్‌సీఆర్ పేజీల అంచున ఏ నుంచి హెచ్ వరకు అక్షరాలుంటాయి, చాలావాటిలో పేరా నంబర్లు ఉండవు. జడ్జిగారేమో "ఏ పేరా?" అంటారు. ఆ నంబర్లు వేసింది ప్రైవేటు ప్రచురణల ఎడిటర్లు. తీర్పు పాఠం అందరిదే అయినా, పేరాలు విడదీసిన ఆ శ్రమకు కాపీరైట్ ఉంటుందని 2007లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే ఎస్‌సీసీని నేను పూర్తిగా వదల్లేదు.

హెడ్‌నోట్లు (తీర్పుకు ముందు ఇచ్చే సారాంశాలు) బాగానే ఉన్నాయి. కానీ అవి తీర్పులో భాగం కాదు, వాటిని మాత్రమే చదివి వాదనకు లేవకండి. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలున్నాయి, కక్షిదారుకు చూపించడానికి పనికొస్తాయి. వాదనకు మాత్రం ఇంగ్లీషు పాఠమే.

మా జిల్లా భూమి దావాలకు మాత్రం ఇది చాలదు. ఇనాములు, ఎస్టేటు (జమీందారీ) భూములు, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద పట్టాలు, వీటి మీద అసలు మాట చెప్పింది మద్రాసు హైకోర్టు. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు ఏర్పడింది. అంతకుముందు మద్రాసు ఇచ్చిన తీర్పులు ఆంధ్ర హైకోర్టుకూ శిరోధార్యమేనని ఆ కోర్టు ఫుల్ బెంచ్ (ఎక్కువమంది జడ్జీల ధర్మాసనం) తేల్చింది, ఏఐఆర్ 1955 ఆంధ్ర 87 చూడండి. విజయనగరం, బొబ్బిలి ఎస్టేట్ల కేసులు చూసేవాళ్లకు ఇది నిత్యం అవసరమే. ఈ-ఎస్‌సీఆర్‌లో హైకోర్టు తీర్పులు ఉండవు మరి. అందుకే ఎవరైనా సీనియర్ గారు ప్రాక్టీసు మానేసి పుస్తకాలు అమ్ముతున్నారని తెలిస్తే, నేను ముందుగా అడిగేది 1954కు ముందటి మద్రాసు లా జర్నల్ సంపుటాలనే.