నల్లబల్ల మీద ఒక గడి: రెండు పత్తి సీజన్ల అనుభవం

ఐఎస్‌ఓ 9001 అంటే నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం; అంతకు మించి వివరించే జోలికి పోను. వరంగల్ దగ్గర నేను పనిచేసే జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు వేరుచేసే చోటు) అటకెక్కిన ఆ కార్యక్రమాన్ని కిందికి దించి రెండు సీజన్లు నడిపాం. అందులో నా మనసుకు పట్టింది ఒక్కటే, పత్తి కుప్పలు పోసి చెత్త ఏరే ప్లాట్‌ఫాం గోడకు కొట్టిన నల్లబల్ల.

అంతకుముందు మా నాణ్యత అంతా రిజిస్టర్లలోనే ఉండేది. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా ఒక ఆడిట్. దాని ముందు రాత్రి కూర్చుని నెలల లెక్కలు ఒకే పెన్నుతో నింపేవాళ్లం. ఫిబ్రవరి 30న తేమ పరీక్ష చేసినట్టున్న పేజీ ఒకటి ఇంకా ఉంది. చేతిరాత నాదే.

బల్ల పెట్టాక, పత్తిలో సంచి దారమో గుట్కా పొట్లమో దొరికితే ఏరే ఆడవాళ్లే వచ్చి రాసేవారు. రాయడం రానివారు గీత గీసేవారు. మొదటి నెల కనిపించిన వారందరికీ దీని గొప్ప చెప్పాను. రెండో నెలలో బల్ల ఖాళీ. శుభ్రమైన పత్తి వస్తోందని యజమాని సంబరపడ్డారు, నేనూ నమ్మాను. అంతలో ఒక స్పిన్నింగ్ మిల్లు నుంచి ఫోను: మేం పంపిన బేళ్లలో (నొక్కి కట్టిన పత్తి మూటల్లో) పసుపు ప్లాస్టిక్ దారాలు! 170 కిలోల బేలులో వేలెడు దారం చాలు, పీలికలై నూలులో కలిసిపోతుంది. దానికి రంగు అంటదు కనుక అద్దకం తర్వాత బట్ట మీద బయటపడుతుంది.

రాయడం ఎందుకు మానేశారంటే ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక పెద్దావిడ అంది: "రాసిన మనిషికే సగం రోజు కూలి కోశారు సార్. ఇంక ఎవరు రాస్తారు?"

బల్ల మీద 'బాధ్యులు' అనే గడి గీసింది నేనే. దారం దొరికిన కుప్ప దగ్గర ఎవరుంటే వారి పేరు అందులో పడేది. ఐఎస్‌ఓ ప్రమాణంలోని 10.2 క్లాజు తప్పుకు కారణం వెతకమంటుంది, పేరు రాయమనదు. ఆ తెలివి మా సొంతం. గడి చెరిపి 'ఏ బండి, ఏ సంచి' అని మార్చాం. పది రోజుల్లో తేలింది: సంచుల మూతి కొడవలితో కోసే చోటే దారాలు రాలుతున్నాయి. ఇప్పుడు కుట్టు విప్పడానికి ఇద్దరిని పెట్టాం.

మాది చిన్న మిల్లు, యజమాని రోజూ ప్లాట్‌ఫాం మీదికి వస్తారు. మూడు షిఫ్టులు నడిచే చోట ఈ బల్ల నిలుస్తుందని హామీ ఇవ్వలేను. మా దగ్గరే కొత్త కూలీలు వచ్చినప్పుడల్లా వారం పది రోజులు దాని మీద గీత పడదు. ఆ రోజుల్లో నేనే వెళ్లి కుప్పలు కెలుకుతున్నాను.