విజయవాడలో ఏడాది ప్రీస్కూల్ టీచర్ డిప్లొమా: చదివి వచ్చాక రాస్తున్న అభిప్రాయం

పదకొండేళ్లు ఒక ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు రాసిన తరువాత, మా చిన్నవాడిని నర్సరీలో వేసిన ఏడాది, నాకు కూడా ఆ గదిలో పనిచేయాలనిపించింది. అది నిజంగా నాకు తగిన పనేనా, లేక "నీకు పిల్లలంటే ఎంత ఓపికమ్మా" అని చుట్టాలు అనే మాటను నేనే నమ్మేశానా అన్నది తేల్చుకోవడానికి విజయవాడలోని ఒక శిక్షణ సంస్థలో ఏడాది డిప్లొమాలో చేరాను. ఫీజు 42,000 రూపాయలు. సామగ్రికి, రికార్డు పుస్తకాలకు, చార్టులకు మరో 6,000 దాకా అయింది. తరగతులు శని, ఆదివారాల్లో జరిగేవి కనుక మొదటి ఆరు నెలలు ఉద్యోగం మానకుండానే చదవగలిగాను.

ముందుగా మంచి చెప్పాలి. పిల్లలు తమ చేతులతో పనిచేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి సామగ్రిని పరిచయం చేసిన తరగతులు ఈ కోర్సుకు ప్రాణం. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల వరకు ఉండే పది గులాబీ రంగు ఘనాలను ఒకదానిపై ఒకటి పేర్చి చూపేటప్పుడు మా మేడమ్ ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు. చేతిని చూడవలసిన సమయంలో పిల్లవాడి దృష్టి మాట వైపు మళ్లకూడదన్నది ఆమె చెప్పిన కారణం. చెక్క దిమ్మలో ఇమిడే స్తూపాలకు పైన చిన్న పిడి ఎందుకు ఉంటుందో కూడా అక్కడే తెలిసింది. మూడు వేళ్లతో పట్టుకుంటేనే ఆ పిడి చేతికి చిక్కుతుంది, రేపు పెన్సిలు పట్టుకోవలసింది కూడా ఆ మూడు వేళ్లతోనే. ఇది విన్న రోజున, మూడేళ్లు నిండకముందే మా వాడి చేయి పట్టుకుని పలక మీద అ, ఆలు దిద్దించిన సంగతి గుర్తొచ్చి సిగ్గనిపించింది. అక్షరాభ్యాసం వేడుకగా చేసుకోవడంలో తప్పు లేదు కానీ, మరునాటి నుంచే పిల్లవాడిని దిద్దడానికి కూర్చోబెట్టడం వేళ్లకు ఇంకా రాని బలాన్ని వాటి నుంచి రాబట్టాలని చూడడమే. ఖరీదైన సామగ్రి లేనిచోట చింతగింజలు ఏరించడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు వంపించడం, చపాతీ పిండి పిసికించడం కూడా అదే పని చేస్తాయని ఆమె చేసి చూపించారు.

సిద్ధాంతం చెప్పిన తీరు మాత్రం నిరాశపరిచింది. నోట్సు చదివేవారు, మేము రాసుకునేవాళ్లం. ఫ్రోబెల్, పియాజే వంటి విదేశీ పండితుల గురించి పేజీలకు పేజీలు రాయించిన చోట, 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం అనే బడి ప్రారంభించి, బెత్తం లేకుండా, కథలతో, ఆటలతో పిల్లలకు చదువు చెప్పిన గిజుభాయి బధేకాకు ఒకే ఒక్క వాక్యం దక్కింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా భావించమన్న 2020 జాతీయ విద్యా విధానం గాని, దాని ఆధారంగా 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం గాని సిలబస్‌లో లేవు. ఆ చట్రం ఈ వయసులో ఇంటి భాషలోనే బోధన సాగాలని చెబుతుండగా, మాకు నేర్పిన పాటలన్నీ ఇంగ్లీషువే. తెలుగులో కథ ఎలా చెప్పాలన్న పాఠం ఏడాదిలో ఒక్కటీ లేదు.

అన్నిటికంటే పెద్ద లోపం తరగతి గది అనుభవం. ప్రచార పత్రంలో అరవై రోజుల ప్రాక్టికల్స్ అని ఉంది, నాకు దొరికినవి పద్దెనిమిది. వాటిలో మొదటి వారమంతా చార్టులు కత్తిరించడంతోనే సరిపోయింది. ఆ తరువాత నేను పిల్లల గదిలోకి వెళ్లింది, నన్ను పంపిన ప్లేస్కూలు జూన్‌లో తెరిచిన వారం. నర్సరీ గదిలో ఇరవై నాలుగు మంది పిల్లలు, వారిలో సగం మంది ఒకేసారి ఏడుపు. తల్లిని విడిచి ఉండవలసి వచ్చినప్పుడు పిల్లలకు కలిగే బెంగ గురించి నేను నోట్సులో అరపేజీ రాసుకున్నాను, అది ఆ ఉదయం ఎందుకూ పనికిరాలేదు. నాకు దారి చూపింది అక్కడి ఆయమ్మ. "ఏడుపు ఆపాలని చూడకండి టీచరమ్మా, చేతికి ఏదన్నా పని ఇవ్వండి" అని, గట్టిగా ఏడుస్తున్న పిల్లవాడికి నీళ్ల సీసాలు వరుసగా పెట్టే పని అప్పగించింది. నాలుగో సీసా దగ్గర వాడు ఏడుపు మరిచిపోయాడు. పిల్లలు చూడకుండా జారుకోబోయిన తల్లులను ఆపి, "వెళ్లొస్తానని చెప్పి వెళ్లండమ్మా" అని ఒప్పించింది కూడా ఆవిడే. ఇక పిల్లలను బాత్రూముకు తీసుకెళ్లడం, తడిసిన బట్టలు మార్చడం, టిఫిన్ డబ్బాలోది తినిపించడం అన్నవి ఈ ఉద్యోగంలో ప్రతిరోజూ ఉండే పనులని మా కోర్సులో ఎవరూ ముందుగా చెప్పలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఈ కారణంతోనే మానుకున్నారు. వారిని తప్పుపట్టలేను, ముందే తెలిసి ఉంటే వారికి ఫీజు మిగిలేది.

ధ్రువపత్రం విషయంలో చేరేవారు జాగ్రత్తగా ఉండాలి. కౌంటరులో "ప్రభుత్వ గుర్తింపు ఉంది" అన్నారు. తీరా చూస్తే అది సంస్థ రిజిస్ట్రేషన్ మాత్రమే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తించే ప్రీస్కూల్ డిప్లొమా రెండేళ్లది, దానికి ఇంటర్మీడియట్‌లో మార్కుల నిబంధన కూడా ఉంటుంది. డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టు ఆశించేవారు చదవవలసింది డీఎడ్. నేను చదివినటువంటి ఏడాది కోర్సు ప్రైవేటు ప్లేస్కూళ్లలో పనికొస్తుంది, అంతకు మించి కాదు. జీతం సంగతీ దాచనవసరం లేదు. ప్రాక్టికల్స్ చేసిన చోటే నన్ను చేరమన్నారు, నెలకు 9,000 రూపాయలు ఇస్తామన్నారు. నా పాత జీతంలో అది సగం కూడా కాదు. "నూరు శాతం ఉద్యోగాలు" అన్న హామీ చివరికి కొన్ని బడుల ఫోన్ నంబర్లున్న ఒక కాగితంగా తేలింది.

అయిదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ మూడూ మాంటిస్సోరి తరగతులకే. చేరదలచినవారు ఫీజు కట్టకముందే తమ వీధిలోని ఏదైనా నర్సరీలో అనుమతి అడిగి, జూన్ నెలలో ఒక వారం కూర్చుని చూడడం మంచిది. ఆ వారం తరువాత కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు కోర్సు వెతుక్కోవచ్చు. ప్రాక్టికల్ రోజుల కోత గురించి సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. వచ్చే బ్యాచ్‌కు రోజులు పెంచుతామని ఫోనులో చెప్పారు. కాగితం మీద రాసి ఇమ్మన్నాను, ఇంకా రాలేదు.