చందా కట్టాక ఏది మేలు: మీటింగులా, కమిటీయా, స్పాన్సర్‌షిప్పా?

వ్యాపార సంఘంలో చేరాలా వద్దా అని అడిగేవాళ్లు ఈమధ్య తగ్గారు. చేరిపోయి, చందా కట్టేసి, ఏడాది తిరిగాక "ఏమీ రాలేదండీ, ఇంకేం చేయాలి?" అని అడిగేవాళ్లు పెరిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. సంఘం మంచిదే, సభ్యులూ పనిచేసేవాళ్లే అనుకుందాం. మీ చేతిలో నెలకు కొన్ని గంటలు, చందా పోగా కాస్త డబ్బు ఉన్నాయి. వాటిని మీటింగులకు వెళ్లడంలో పెట్టాలా, ఏదైనా కమిటీలో చేరి పనిచేయడంలో పెట్టాలా, లేక కార్యక్రమాలకు స్పాన్సర్‌గా ఉండటంలో పెట్టాలా? నా మొగ్గు కమిటీ వైపే. అయితే అందరికీ అదే సరిపోతుందని అనను.

చందా కట్టగానే గిరాకీ వస్తుందని ఎదురుచూడటం దగ్గరే చాలామందికి లెక్క తప్పుతుంది. ప్రపంచంలో మొదటి చాంబర్ ఆఫ్ కామర్స్‌గా చెప్పుకునేది 1599లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు పట్టణంలో మొదలైంది. అక్కడి వర్తకులు ఒకరి సరుకు ఒకరు కొనుక్కోవడానికి కలవలేదు. సముద్రపు దొంగల బెడద లాంటివాటిని ఎవరికి వారు తట్టుకోలేక కలిశారు. ఇప్పటికీ చాలా సంఘాల అసలు పని అదే: ప్రభుత్వంతోనో మునిసిపాలిటీతోనో అందరి తరఫునా మాట్లాడటం. ఆ లాభం చందా కట్టినవాళ్లకీ కట్టనివాళ్లకీ ఒకేలా దక్కుతుంది. వీధి బాగుపడితే సభ్యుడు కానివాడి దుకాణం ముందు కూడా బాగుపడుతుంది కదా. కాబట్టి "నాకేం వచ్చింది" అనే లెక్కలో దాన్ని కలపకండి. మీకంటూ విడిగా వచ్చేది మనుషుల పరిచయం, ఆ పరిచయం మీద నిలబడే సిఫారసు. జర్మనీ లాంటి దేశాల్లో చాంబర్ సభ్యత్వం చట్టప్రకారం తప్పనిసరి. అక్కడి వ్యాపారికి మన ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది: కట్టక తప్పదు, కట్టాక ఏం రాబట్టుకోవాలి?

మీటింగుల సంగతి చూద్దాం. వెళ్లడం తేలిక, ఖర్చు లేదు, మానేసినా ఎవరూ అడగరు. తరచూ కనిపించే ముఖం మీద మనకు తెలియకుండానే కాస్త ఇష్టం ఏర్పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాంక్ 1968లో చూపించారు. అందుకే నాలుగు సంఘాల మీటింగులకు అప్పుడొకటి ఇప్పుడొకటి వెళ్లేకంటే ఒకే సంఘానికి వరుసగా వెళ్లడం నయం. వెళ్లినప్పుడు కూడా అరగంట ముందే వెళ్లండి. కార్యక్రమం మొదలయ్యాక అందరూ వేదిక వైపు చూస్తుంటారు, అయిపోగానే అందరూ తలుపు వైపు నడుస్తుంటారు. మాట్లాడుకునే వీలుండేది ముందే. గుప్పెడు విజిటింగ్ కార్డులు పంచి వచ్చినదానికంటే ఇద్దరితో తీరిగ్గా మాట్లాడి, వాళ్లకు పనికొచ్చే ఒక ఫోన్ నంబరో సమాచారమో మర్నాడు పంపినది ఎక్కువ గుర్తుంటుంది.

మీటింగుల్లో దొరికేవి పైపై పరిచయాలే కదా, వాటితో ఒరిగేదేమిటి అని కొందరు తీసిపారేస్తారు. అది సరికాదు. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ల గురించి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలుస్తుండేవాళ్లమని చెప్పినవాళ్లు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవాళ్లు 55 శాతం పైచిలుకు, ఎప్పుడో గానీ కలిసేవాళ్లం కాదన్నవాళ్లు దాదాపు 28 శాతం. రోజూ కలిసేవాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు కాస్త దూరపువాళ్ల దగ్గరినుంచే వస్తుంది. ఎక్కడ ఏ పని పడబోతోంది, ఎవరు ఆఫీసు మారుస్తున్నారు, ఎవరు కొత్త సరఫరాదారు కోసం వెతుకుతున్నారు అనేవి తెలుసుకోవడానికి మీటింగులు చాలు.

కబురు అందడం వేరు, మీ పేరు ఇంకొకరికి చెప్పడం వేరు. నేను కమిటీ వైపు మొగ్గేది ఇక్కడే.

ఒక సభ్యుడు తన కస్టమరుకు మీ పేరు చెబుతున్నాడంటే తన పరువును కొంచెం పణంగా పెడుతున్నాడు. మీరు పని చెడగొడితే మాట పడేది అతను. అంత పూచీ పడాలంటే మీరు మంచివాళ్లుగా కనిపించడం, మీ కార్డు బాగుండటం, మీటింగులో మీరు చక్కగా మాట్లాడటం సరిపోవు. మీరు చెప్పిన తేదీకి చెప్పిన పని చేస్తారా, ఏదైనా అడ్డం వస్తే ముందే ఫోన్ చేసి చెబుతారా, డబ్బు లెక్క దగ్గర ఎలా ఉంటారు అనేవి అతనికి తెలియాలి. మీటింగులో అవి తెలిసే దారి లేదు. అక్కడ ఎవరి గురించి వాళ్లు చెప్పుకున్నది వినడమే. కమిటీలో అయితే "హాలు బుకింగ్ నేను చూస్తాను" అన్న మనిషి చూశాడో లేదో వచ్చే వారానికల్లా అందరికీ తెలిసిపోతుంది. మీకు డబ్బిచ్చి పని చేయించుకోకుండానే మీతో పనిచేయడం ఎలా ఉంటుందో మిగతావాళ్లు చూసేస్తారు. ఖాతాలు చూసేవాళ్లు, ఇంటి నిర్మాణం చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేవాళ్లు, న్యాయ సలహా ఇచ్చేవాళ్లు... పని పూర్తయ్యేదాకా నాణ్యత తెలియని వ్యాపారాలన్నిటికీ ఇంతకంటే మంచి ప్రకటన నాకు కనిపించలేదు.

రోటరీ క్లబ్బు 1905లో షికాగోలో మొదలైనప్పుడు సభ్యులు వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలిసేవారు. ఆ పేరు వచ్చిందే దాన్నిబట్టి. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు, ఒకరికొకరు వ్యాపారం ఇచ్చుకోవడం మొదట్లో వాళ్ల ఉద్దేశాల్లో ఒకటి. నాకు అందులో నచ్చేది ఆ వంతుల పద్ధతి. ఎదుటివాడి పని చోటు, అతని దగ్గర పనిచేసేవాళ్లు, ఫోన్‌లో అతను మాట్లాడే తీరు, అన్నీ కళ్లారా కనిపిస్తాయి. ఇప్పుడు చాలా సంఘాలు అద్దె హాళ్లలో కలుస్తున్నాయి కాబట్టి ఆ అవకాశం పోయింది. దాన్ని కొంతైనా తిరిగి ఇచ్చేది కమిటీయే.

ఏ కమిటీ అన్నది కూడా చూసుకోవాలి. కొత్త సభ్యులను చేర్చే కమిటీ, కార్యక్రమాల కమిటీ, ఈ రెండూ నా మొదటి ఎంపిక. ఎవరికైనా ఫోన్ చేయడానికి వాటిలో ఒక కారణం దొరుకుతుంది. "మీ పని గురించి మా సభ్యులకు అరగంట చెబుతారా?" అని అడిగితే మామూలుగా మన ఫోన్ ఎత్తని మనిషి కూడా మాట్లాడతారు. నియమ నిబంధనలు చూసే కమిటీ, అధికారులతో మాట్లాడే కమిటీ నెమ్మదిగా నడుస్తాయి. కానీ రాబోయే మార్పులు అక్కడ ముందు తెలుస్తాయి కాబట్టి లైసెన్సుల మీద ఆధారపడ్డ వ్యాపారమైతే అవే మేలు. కోశాధికారి పదవి నమ్మకం బాగా పెంచుతుంది, చాకిరీ కూడా అంతే ఉంటుంది. అధ్యక్ష పదవి జోలికి మొదటి రెండు మూడేళ్లు పోకండి. అందులో సగం కాలం వర్గాల మధ్య సర్దుబాట్లకే పోతుంది, ఒక వర్గం మనిషిగా ముద్రపడితే రెండో వర్గం మీ దుకాణం మెట్లెక్కదు.

చేరేముందు పనికి హద్దు గీసుకోండి. "ఈ ఏడాది వార్షికోత్సవం వరకు ఆహ్వానాల పని నాది" అంటే అందరికీ స్పష్టంగా ఉంటుంది. "ఏదైనా ఉంటే చెప్పండి, చేస్తాను" అన్నవాళ్ల నెత్తిన అన్నీ పడతాయి, లేదా ఏదీ పడదు. ఇంకో సంగతి కూడా మరవకూడదు. మీ నిలకడను చూపించే కమిటీయే మీ నిర్లక్ష్యాన్నీ అంతే స్పష్టంగా చూపిస్తుంది. ఒప్పుకుని వదిలేసిన పని మీటింగులకు అసలు రాకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. రాని మనిషి గురించి ఎవరూ ఏమీ అనుకోరు. మాటిచ్చి మాయమైన మనిషి గురించి మాత్రం ఇంకో నలుగురికి చెబుతారు. మీ వ్యాపారంలో ఈ ఆరు నెలలూ ఊపిరి సలపని పని ఉంటే కమిటీని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి.

స్పాన్సర్‌షిప్ సంగతికొస్తే, బ్యానర్ మీద వరుసగా ఉన్న పది పేర్లలో మీది ఒకటైతే అది దాదాపు విరాళమే. మిమ్మల్ని ఇదివరకే ఎరిగినవాళ్లకు గుర్తు చేస్తుంది, ఎరగనివాళ్ల కంట్లో పడదు. విరాళంగా ఇవ్వాలనిపిస్తే సంతోషంగా ఇవ్వండి, ప్రకటన ఖర్చు కింద మాత్రం రాసుకోకండి. అదే డబ్బుకు బదులుగా పేరు ఒక్కటే కాకుండా ఇరవై నిమిషాల సమయం అడగండి. కొత్త పన్ను నిబంధన వచ్చిందనుకోండి, అది సభ్యులకు ఎలా వర్తిస్తుందో ఖాతాలు చూసే మనిషి వేదికెక్కి విడమర్చి చెబితే ఆ ఇరవై నిమిషాల్లో తన పనితనం కొంత బయటపడుతుంది. తన సంస్థ గురించి గొప్పలు చెప్పడం మొదలుపెడితే మాత్రం జనం ఫోన్లు తీస్తారు. ఇక వచ్చినవాళ్లు వెంటనే కొనగలిగే సరుకు అమ్మేవాళ్లకు స్పాన్సర్‌షిప్ కాస్త కలిసొస్తుంది. అలాంటివాళ్లు కమిటీ కోసం షాపు వదిలి తిరగడం కూడా కష్టమే. సభ్యులకూ వాళ్ల ఉద్యోగులకూ చిన్న తగ్గింపు ప్రకటించడం వాళ్లకు ఈ మూడింటికంటే మేలైన దారి కావచ్చు.

మిగతావి క్లుప్తంగా. డైరెక్టరీలో మీ వివరాలు ఒకసారి సరిచూసుకోండి, మీ పనిని కస్టమర్లు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటే రాయండి, అంతటితో దాన్ని మరిచిపోండి. వాట్సాప్ గ్రూపులో ప్రకటనలు పెట్టేకంటే ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు జవాబివ్వడం నయం. గ్రూప్ ఇన్సూరెన్సు, డిస్కౌంట్లు లాంటివి ఎలాగూ కొనబోయేవైతేనే లాభం. వారం వారం కలిసి, ఒక్కో వృత్తికి ఒక్కరినే తీసుకుని, ఒకరికొకరు సిఫారసులు ఇచ్చుకునే క్లబ్బులు వేరే తరహా. 1985లో మొదలైన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) అందులో పేరున్నది. ప్రతి వారం ఆ సమయం కేటాయించగలిగితేనే అటు చూడండి. ఒకే వృత్తివాళ్ల సంఘాల్లో నేర్చుకునేది ఎక్కువ, కస్టమర్లు తక్కువ. అక్కడ ధరల మాట మాత్రం ఎత్తకండి. పోటీదారులు కూడబలుక్కుని ధర ఖాయం చేయడం చాలా దేశాల్లో నేరమో, పెద్ద జరిమానాకు దారితీసే తప్పో అవుతుంది. అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం నుంచీ ఇదే వరస.

మీరు ఏ దారి ఎంచుకున్నా సంఘం ఆఫీసులో ఫోన్ ఎత్తే మనిషిని పరిచయం చేసుకోండి. సభ్యులెవరూ దీన్ని పట్టించుకోరు, నాకు వింతగా ఉంటుంది. "ఈ పని చేసేవాళ్లు మీ సంఘంలో ఎవరైనా ఉన్నారా?" అని బయటివాళ్లు ఫోన్ చేసి అడిగేది వాళ్లనే. ఆ క్షణంలో వాళ్ల నోటికి ఏ పేరు వస్తే ఆ పేరుకే పని వెళుతుంది. మీరు ఏం చేస్తారో ఒక్క వాక్యంలో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి ఉంచండి. వాళ్ల ద్వారా పని దొరికితే, అది ఎలా జరిగిందో తిరిగి ఫోన్ చేసి చెప్పండి.

లెక్క మాటకొస్తే, కొత్త కస్టమర్ వచ్చినప్పుడల్లా "మా గురించి ఎవరు చెప్పారండీ?" అని అడిగి రాసి పెట్టుకోండి. చెప్పిన మనిషి సంఘం సభ్యుడు కాకపోవచ్చు, సభ్యుడి బావమరిదో అతని దగ్గర పనిచేసే మనిషో కావచ్చు. ఇంకో అడుగు వెనక్కి వెళ్లి చూస్తేనే సంఘం తెచ్చిన పని తేలుతుంది. ఖర్చు వైపు చందాతో పాటు మీరు పెట్టిన గంటలు కూడా వేయండి, చాలామందికి చందా కంటే ఆ గంటల విలువే ఎక్కువ తేలుతుంది. పని తీరు చూసి నమ్మకం కుదిరి, అవసరం పడి, పేరు బయటికి రావడానికి సమయం పడుతుంది. కాబట్టి కమిటీని మొదటి ఏడాదితోనే తూచకండి, రెండో ఏడాది చివర చూడండి.

ఈ ఏడాది చందా కట్టేముందు ఒక ఫోన్ చేయండి. "ఏ కమిటీలో మనుషులు తక్కువగా ఉన్నారు?" అని సంఘం ఆఫీసులో అడగండి. వెంటనే రెండు మూడు పనుల పేర్లు చెబితే అక్కడ నిజంగా పని జరుగుతున్నట్టే, వాటిలో చిన్నది ఎంచుకోండి. "అన్నీ ఉన్నాయండీ, మీరు మీటింగులకు వస్తే చాలు" అన్నారంటే, అదే చందాతో ఇంకో సంఘం ఏమిస్తుందో కనుక్కోవడానికి అది సరైన సమయం.