సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి: విండోస్ బ్యాటరీ రిపోర్ట్, నా రేటింగ్ 5కి 4

మా అక్క కొడుక్కి బీటెక్ సీటొచ్చింది, కొత్త ల్యాప్‌టాప్ అంటే ఎంతలేదన్నా 50 వేలు, ఎందుకులే అని వాణ్ని సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తీసుకపోయిన. అక్కడ ఒక షాపులో లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ చూపించిండు, కీబోర్డ్ మస్తుంది, స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, 19 వేలు చెప్పిండు. బ్యాటరీ సంగతేందన్నా అంటే "5 గంటలు పక్కా, చూడు 100 పర్సెంట్ ఉంది" అని కింద మూలకున్న ఐకాన్ చూపించిండు.

ఇగో ఇక్కడే అందరం పడిపోతం. ఆ 100 అంటే ఆ బ్యాటరీకి ఇప్పుడు ఎంత పట్టుద్దో అందులో 100, కొత్తలో పట్టినదాంట్లో కాదు. సొట్టలు పడ్డ బిందె కూడా అంచుదాకా పోస్తే నిండినట్టే ఉంటది కదా.

అందుకే నేను ముందు బ్యాటరీ రిపోర్ట్ తీస్తా. విండోస్ 8 నుంచి లోపలే ఉంది, ఏం ఇన్‌స్టాల్ చేసే పని లేదు, నెట్ కూడా అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు కొట్టే నల్ల డబ్బా) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని గ్యాప్ లేకుండా కొట్టి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కాలె, ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తది, దాన్ని బ్రౌజర్‌లో తెరుస్తే అయిపోయె. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలుంటయి, రెండోది మొదటిదాంట్లో ఎంత పర్సెంటో అదే హెల్త్. 80 పైన ఉంటే నేను ఇంకేం అడగను, 60 కిందికొస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తీసేసి బేరమాడతా.

టీ480లో రెండు బ్యాటరీలుంటయి, ఒకటి లోపల, ఒకటి వెనక రెండు లాకులు జరిపితే ఊడొచ్చేది. రిపోర్ట్‌లో రెండూ పక్కపక్కనే వచ్చినయి. లోపలిది 24,000 మిల్లీవాట్ అవర్‌ది 13,900కి దిగింది, అంటే 58 పర్సెంట్. బయటిది మాత్రం డిజైన్ 23,500, ఫుల్ ఛార్జ్ కూడా అచ్చం 23,500, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు ఫుల్‌గా వాడి ఛార్జ్ చేసిండ్రో ఆ లెక్క) సున్నా. 2018లో వచ్చిన మోడల్‌కి ఇంత కడిగిన ముత్యం లాంటి బ్యాటరీ ఏందని డౌటొచ్చింది. ఎవరో లోకల్ బ్యాటరీ వేసి ఉంటరు అనుకున్న. రిపోర్ట్ సొంతంగా కొలిచేదేం లేదు, బ్యాటరీలో ఉన్న చిప్ ఏది చెప్తే అది రాసుకుంటది, డూప్లికేట్ చిప్ అబద్ధం చెప్తే ఇదీ అబద్ధమే చెప్తది. ఒక మార్కు కోసింది దీనికే.

ఛార్జర్ పీకి వీడియో పెట్టి కూసున్నం. ఈ మోడల్ ముందు బయటి బ్యాటరీనే వాడుకుంటది, 20 నిమిషాల్లో అది 100 నుంచి 61కి వచ్చింది. షాపాయన మొహం చూడాల్సింది, "మామా, 5 గంటలు అన్నడు కదా" అని మావాడు ఆయన ముందే అనేసె. చివరికి 16,500కి ఇచ్చిండు.

ఇంకో మాట, రిపోర్ట్‌లో కింద కెపాసిటీ హిస్టరీ అని వారాలవారీగా ఉంటది కదా, షాపులో కొనేదాంట్లో దాన్ని నమ్ముకోకండి. విండోస్ కొత్తగా వేసి అమ్ముతరు కాబట్టి అది ఖాళీగనే ఉంటది. పైన టేబుల్ మాత్రం బ్యాటరీ నుంచే వస్తది కాబట్టి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఉంటది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో సైకిల్ కౌంట్ దగ్గర ఒట్టి గీతే వస్తది, అది మోసం అనుకొని కొట్లాడకండి.

మ్యాక్‌బుక్‌లో అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీలోకి పోతే హెల్త్ ఎదురుగనే కనిపిస్తది, విండోస్ వాళ్లు మాత్రం ఇంత మంచిదాన్ని నల్ల డబ్బాలో ఎందుకు దాచిపెట్టిండ్రో మరి.

బయటి బ్యాటరీ మార్పించినం, లోపలిది అట్లనే వాడుతుండు. లెనోవో వాళ్ల వాంటేజ్ యాప్‌లో ఛార్జింగ్ 80 దగ్గర ఆగేటట్టు పెట్టిచ్చిన, హాస్టల్‌లో 24 గంటలు ప్లగ్‌లోనే ఉంచుతడు వాడు.