జియోక్యాష్ డబ్బాల సైజు వర్గాలు: ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో

జియోక్యాషింగ్ అంటే ఒకరు ఎక్కడో దాచిన డబ్బాను (అదే జియోక్యాష్, లేదా క్యాష్) జీపీఎస్ సాయంతో ఇంకొకరు వెతికే ఆట. ఏ జియోక్యాష్ వివరాలు సైట్‌లో తెరిచినా ముందుగా కంటపడేవి మూడు: వెతకడం ఎంత కష్టం, అక్కడి దారి ఎలాంటిది, డబ్బా సైజు ఏది. కష్టానికీ దారికీ ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్ ఉంటుంది. అది దాచినవాళ్ల అంచనా. ఒకరికి రెండు అనిపించింది ఇంకొకరికి మూడున్నర అనిపిస్తుంది. సైజు అలా కాదు, కొలిచి చెప్పగలిగిన సంగతి. చాలా ఏళ్లుగా వెతుకుతూ, దాస్తూ ఉన్న నాకు ఈ మూడింటిలో ఎక్కువ నమ్మకం సైజు మీదే. అయితే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో వాడగా వాడగా తెలుస్తుంది.

కొత్తవాళ్ల కోసం ముందు వర్గాలు చెప్పేస్తాను. 100 మిల్లీలీటర్ల కన్నా తక్కువ పట్టేది మైక్రో. అక్కణ్ణుంచి లీటరు లోపు స్మాల్. లీటరు నుంచి 20 లీటర్ల లోపు రెగ్యులర్. 20 లీటర్లు, ఆపైన లార్జ్. వీటిలో ఎందులోనూ ఇమడనివాటికి అదర్. మైక్రోల్లో 10 మిల్లీలీటర్లు కూడా పట్టని బుల్లి డబ్బాలను ఆటగాళ్లు నానో అంటారు. కానీ ఆట ప్రధాన సైట్ జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో నానోకు విడి వర్గం లేదు, మైక్రో కిందే వేస్తారు. ఈ మొత్తం ఏర్పాటులో నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఫిల్మ్ రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బా ఉంది చూడండి, అది మైక్రో. సుమారు ఐదు సెంటీమీటర్ల ఎత్తు, మూడు సెంటీమీటర్ల వెడల్పు. ఆకుల మధ్య, రాళ్ల సందుల్లో కాస్త ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. నానో చిటికెన వేలి గోరంత ఉంటుంది. అడుగున అయస్కాంతం, పైన మరలు తిరిగే మూత. ఇనుప రెయిలింగ్‌కు అతికిస్తే అచ్చం బోల్టు తలలాగే కనిపిస్తుంది. ఫిల్మ్ డబ్బాను కళ్లతో వెతకాలి, నానోను వేళ్లతో తడిమి వెతకాలి. పని పూర్తిగా వేరు. వివరాల్లో మాత్రం రెండింటికీ ఒకటే మాట, మైక్రో. రెయిలింగ్ పక్కన పొదలు కూడా ఉంటే దేన్ని ముందు వెతకాలో తేల్చుకోవడానికి ఆ మాట ఏ మాత్రం ఉపయోగపడదు.

నానో దొరికాక కూడా పని మిగిలే ఉంటుంది. లోపలి లాగ్ కాగితం (కనుక్కున్నవాళ్లు పేరు రాసేది) సెంటీమీటరు వెడల్పు కూడా ఉండని పొడవాటి చీలిక, గట్టిగా చుట్టి ఉంటుంది. బయటికి తీయగానే స్ప్రింగులా విచ్చుకుంటుంది. పేరు, తేదీ రాశాక దాన్ని మళ్లీ అంతే బిగువుగా చుట్టకపోతే అంచు మరల్లో ఇరుక్కుంటుంది. మూత బిగిసినట్టే అనిపిస్తుంది గానీ బిగియదు. తర్వాతి వానకు లోపల ఉన్నదంతా ముద్దవుతుంది. పళ్లపుల్ల చివర చిన్న చీలిక పెట్టి, కాగితం అంచును అందులో దూర్చి తిప్పితే బాగా చుట్టుకుంటుంది. నా సంచిలో పెన్నుతో పాటు అలాంటి పుల్ల ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వెళ్లేది నానో కోసమని ముందే తెలిస్తే ఎవరైనా ఇలా సిద్ధపడి వెళ్తారు. ఓపెన్‌క్యాషింగ్ పేరుతో నడిచే సైట్లలో కొన్ని నానోను విడిగానే చూపిస్తాయి. అది సరైన పద్ధతి.

ఇక స్మాల్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సైజు ఇదే. దాచడం తేలిక, చిన్న లాగ్ పుస్తకం పడుతుంది, ఒకటి తీసుకుని బదులుగా ఇంకొకటి పెట్టి మార్చుకోవడానికి ఒకటి రెండు బొమ్మలూ పడతాయి. కానీ కొలత పరిమాణానిదే, ఆకారానిది కాదు. ఈ ఇబ్బంది ఎక్కువగా బయటపడేది ఇక్కడే. ఒక క్యాష్ నుంచి ఇంకో క్యాష్‌కు చేతులు మారుతూ తిరిగే, నంబరు చెక్కిన వస్తువులను ట్రాకబుల్స్ అంటారు; నాణెంలా ఉండే జియోకాయిన్, బిళ్ల తగిలించిన ట్రావెల్ బగ్ అలాంటివే. జియోకాయిన్ సాధారణంగా నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ట్రావెల్ బగ్ బిళ్ల దాదాపు ఐదు సెంటీమీటర్ల పొడవు. నాలుగు వైపులా క్లిప్పులుండే 150 మిల్లీలీటర్ల పల్చటి డబ్బాలో రెండూ హాయిగా పడుకుంటాయి. అంతే నీళ్లు పట్టే సన్నమూతి సీసాలో కాయిన్ అసలు దూరదు. లెక్క ప్రకారం రెండూ స్మాలే. ఎక్కడో దొరికిన ట్రావెల్ బగ్‌ను ముందుకు పంపాలని స్మాల్ చూసుకుని వెళ్తే, మూతి దగ్గరే ఆగిపోయిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. కాబట్టి దాచేవాళ్లు డబ్బా మూతి వెడల్పు కూడా ఒక మాటలో రాస్తే ట్రాకబుల్స్ తిప్పేవాళ్లకు ఎంతో మేలు.

మైక్రోల్లో నేను గట్టిగా సమర్థించేది ప్రీఫార్మ్. కూల్ డ్రింక్ సీసాగా ఊదడానికి ముందుండే మందపాటి గొట్టం అది. గ్యాస్ ఒత్తిడిని ఆపడానికి చేసిన మూత కాబట్టి నీటిని బాగా ఆపుతుంది. ఫిల్మ్ డబ్బాలకు ఆ గుణం లేదు. అందులోనూ మూత బయటి నుంచి కప్పేవాటికన్నా లోపలికి నొక్కుకుని కూర్చునేవి కాస్త నయం. సైజు వర్గం ఇవన్నీ చెప్పదు, చెప్పాలని ఆశించడమూ సబబు కాదు. కానీ మైక్రో అని చూడగానే తడిసిన కాగితం ఉంటుందేమోనన్న టెన్షన్ మొదలవుతుందంటే, కారణం సైజు కాదు, డబ్బా రకం. చాలామంది మైక్రోలను తిట్టేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తారు.

రెగ్యులర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మిలిటరీ తూటాల పెట్టె దీనికి అసలైన ఉదాహరణ. ఇనుప ఒళ్లు, మూత చుట్టూ రబ్బరు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. లీటరు నుంచి 20 లీటర్ల దాకా అంటే ఇరవై రెట్ల తేడా, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. లీటరు డబ్బా కనపడే చోట పది లీటర్లదీ కనపడుతుంది. లార్జ్ అరుదు. 5 గ్యాలన్ల బకెట్‌ను లార్జ్‌కు ఉదాహరణగా చూపిస్తారు, లెక్క కడితే అమెరికన్ గ్యాలన్లలో అది 18.9 లీటర్లే. ఈ చివర హద్దు కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు. అసలు ఆట మొదలైంది బకెట్‌తోనే కదా. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌లో కావాలని ఉంచిన తేడాను తీసేసింది. ఆ మర్నాడే ఓరెగాన్‌లో డేవ్ అల్మర్ తొలి క్యాష్ దాచాడు. అది నల్లటి ప్లాస్టిక్ బకెట్, సగం భూమిలో పాతినది. ఈ రోజు నిబంధనల ప్రకారం స్థలం యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా దాచడానికి గొయ్యి తవ్వకూడదు.

వివాదమంతా పై తొడుగు దగ్గర వస్తుంది. ఒకచోట చెట్టుకు కట్టిన పక్షిగూడు, సైజు రెగ్యులర్ అని ఉంది. నా దగ్గర రెండు ట్రావెల్ బగ్స్ ఉంటే వాటి కోసమే అంతదూరం నడిచాను. గూడు తెరిస్తే లోపల ఫిల్మ్ డబ్బా, అందులో కాగితం. గూడు కట్టినవారి పనితనం చాలా బాగుంది, ఆ మాట లాగ్‌లో మనస్ఫూర్తిగా రాశాను. కానీ ఆ సైజు తప్పు. లాగ్ ఉన్న డబ్బా ఎంతో అదే సైజుగా రాయాలన్నది నా పక్కా అభిప్రాయం. బోలు రాయి, ఉత్తుత్తి పైపు, గూడు, ఇవన్నీ మారువేషాలు. వెతికేవాళ్లకు పెద్ద వస్తువే కనపడుతుంది కాబట్టి దాని సైజే చెప్పాలని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. అలాంటప్పుడు అదర్ వేసి వివరణలో రెండూ రాస్తే ఎవరూ నష్టపోరు. అదర్ ఉన్నది సరిగ్గా ఇందుకే. పజిల్ రహస్యం చెడకుండా సైజు దాచాలనుకునేవాళ్లు అదర్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, కష్టం రేటింగ్ దానికి తగ్గట్టు పెంచితే చాలు.

హద్దుల దగ్గరుండే డబ్బాలను కంటితో చూసి నిర్ణయించొద్దు. మందపాటి గోడలున్న డబ్బా బయటికి పెద్దగా కనిపించి లోపల చాలా తక్కువ పడుతుంది. నేను చేసేది సులువైన పని. డబ్బాను అంచు దాకా నీళ్లతో నింపి, ఆ నీళ్లను కొలత గీతలున్న కప్పులోకి వంపుతాను. మూత లోపలికి దిగే రకమైతే ఒకసారి మూత పెట్టి తీశాక కొలుస్తాను, దిగిన మేరకు నీళ్లు బయటికి పోతాయి. తర్వాత డబ్బాను పూర్తిగా ఆరబెట్టాలి, తేమ మిగిలితే లాగ్ పాడవుతుంది. స్మాల్ అని కొన్న డబ్బా 90 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోతే మైక్రో అనే రాస్తాను.

ఈ శ్రమ ఎందుకంటే, వెతికేచోట సైజు చాలా భారం దించుతుంది. ఆకాశం బాగా కనపడే చోట ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఐదు మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తమంటే దాదాపు 78 చదరపు మీటర్ల నేల. దాచినవాళ్ల ఫోన్‌లోనూ ఆ తేడా ఉంటుంది కాబట్టి నిజంగా వెతకాల్సిన చోటు ఇంకా పెద్దది. రెగ్యులర్ అని తెలిస్తే ఆ నేలలో డబ్బా పట్టే తొర్రలు, రాళ్ల గుట్టలు మూడో నాలుగో ఉంటాయి, నేరుగా వాటి దగ్గరికే వెళ్తాను. మిగతా పొదలను తొక్కి పాడుచేసే అవసరం రాదు. తప్పు సైజు రాస్తే వెతికేవాళ్ల సమయంతో పాటు అక్కడి మొక్కలూ పాడవుతాయి.

మొత్తం మీద ఈ వర్గాలు బాగా పనిచేస్తున్నాయనే అంటాను. పిల్లలతో వెళ్లేవాళ్లు స్మాల్, ఆపై సైజులకు ఫిల్టర్ పెట్టుకుంటే మార్చుకునే బొమ్మలు దొరికే అవకాశం ఎక్కువ. కాస్త సమయంలో ఎక్కువ క్యాష్‌లు చూడాలనుకునేవాళ్లకు పట్టణాల్లోని మైక్రోలు అనువు. నానోకు విడి వర్గం వచ్చేదాకా మాత్రం, నేను దాచే ప్రతి నానో వివరణలో మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ఇది నానో, పెన్ను మీరే తెచ్చుకోండి, కాగితం బిగువుగా చుట్టి పెట్టండి.